నేల తాకని ఘటం

గవరయ్యకి ఉచ్చ ఆగడం లేదన్న సంగతి ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఒకరు ఖిదిర్‌పూర్‌లో మందులు రాసిచ్చిన డాక్టరు, ఇంకొకరు పెళ్ళాం సన్యాసమ్మ. డాక్టరు బెంగాలీవాడు, అతని నోటి నుంచి తెలుగు బస్తీకి మాట పొక్కదు. సన్యాసమ్మ సంగతి వేరు. ఆవిడ ఎవరికీ చెప్పక్కర్లేదు, మొగుణ్ణి చూసి ఒక్క నవ్వు నవ్వితే చాలు, బస్తీ అంతా కారణం వెతుక్కుంటుంది.

మామూలు మనిషికైతే అది రోగం. గవరయ్యకి పదవీగండం. ఎందుకంటే కలకత్తా రేవు పక్కన మెటియాబ్రుజ్ తెలుగు బస్తీలో అమ్మవారి ఘటం పట్టే హక్కు అతనిది.

ఆ బస్తీవాళ్ళంతా శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో రేవులో బస్తాలు మొయ్యడానికి వచ్చినవాళ్ళు. వచ్చినవాళ్ళు వచ్చారు గానీ అమ్మవారు రాలేదు. ఆవిడ గెడ్డవలసలోనే, తన గుడి, తన నుయ్యి చూసుకుంటూ ఉండిపోయింది. ఏటా చైత్రంలో సంబరానికి ఆవిణ్ణి పిలుచుకు రావాలి. గుడి నూతిలో నీళ్ళు తోడి, పసుపు కలిపి, వేపమండలు గుచ్చి, ఘటం నింపి ఒక మనిషి చేతికిస్తారు. గెడ్డవలసలో ఎత్తిన ఘటం మెటియాబ్రుజ్‌లోనే దిగాలి. మధ్యలో నేల తగలకూడదు. చెయ్యి మారకూడదు. పట్టినవాడు దారిలో ఒంటేలుకి వెళితే మైల. అక్కడికక్కడ ఘటం పారబోసి, మళ్ళీ ఊరికి వెళ్ళి తేవాలి. ఆ పైన ఆ ఇంటికి ఇక ఘటం లేదు, పక్క వాటాకి పోతుంది.

పక్క వాటా అంటే గోవిందరాజు. గవరయ్యకి చిన్నాన్న కొడుకు, రేవులో క్రేను తోలతాడు, ఎర్రజెండా యూనియన్‌లో పెద్దచెయ్యి. మీసం తన కంటే రెండేళ్ళు ముందు పుట్టిందన్నట్టు నడుస్తాడు.

గవరయ్య ఇరవై రెండేళ్ళుగా ఘటం ఒళ్ళో పెట్టుకుని ఆముదాలవలసలో రైలెక్కి హౌరాలో దిగుతున్నాడు. ముందురోజు మధ్యాహ్నం నుంచే పచ్చి మంచినీళ్ళు ముట్టడు. రాత్రంతా కూచున్నవాడు కూచున్నట్టే ఉంటాడు. బండిలో ఒరియావాళ్ళూ బెంగాలీవాళ్ళూ కూడా దణ్ణం పెట్టి చోటిచ్చేవారు. కానీ కిందటేడు ఖరగ్‌పూర్ దాటేసరికి కడుపు కింద ఎవరో గునపం పెట్టి తవ్వుతున్నట్టయింది. ఎలాగో పళ్ళు బిగబట్టుకుని హౌరా ముందరి సంత్రాగాఛి దాకా వస్తే, అక్కడ యార్డులో సిగ్నలివ్వక బండి ఆగిపోయింది. సంత్రాగాఛిలో బండి ఆగడం లోకరీతి. ఆరోజు మాత్రం గవరయ్య కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారాయి. చుట్టూ ఉన్నవాళ్ళు భక్తి అనుకున్నారు. వెంట వచ్చిన గోవిందరాజు ఒక్కడే అనుకోలేదు. హౌరాలో దిగాక, “ఏటన్నియ్యా, కాళ్ళు ముడేసుకుని నడుస్తన్నావ్” అని చాలా ప్రేమగా అడిగాడు.

ఆ ప్రేమకి గవరయ్యకి ఏడాదిగా నిద్ర లేదు.

సోమయాజులుగారని అలీపూర్‌లో ఒక బ్యాంకు ఆఫీసరున్నాడు. సన్యాసమ్మ వాళ్ళింట్లో వంటకి సాయం వెళుతుంది. ఆయన తల్లి విశాఖపట్నంలో ఉంటుంది కాబట్టి బస్సెక్కినట్టు విమానం ఎక్కుతుంటాడు. ఒకరోజు మునగకాడలిచ్చే మిషతో వెళ్ళి గవరయ్య అడిగాడు.

“బాబూ, ఇశాపట్నం నుంచి ఇక్కడికి ఇమానంలో ఎంతసేపండీ?”

“గంటా ఇరవై నిమిషాలు. రైలంటే తీరం పట్టుకుని వంకర్లు తిరుగుతుంది గానీ గాలిదారిన ఏడువందల అరవై కిలోమీటర్లే గవరయ్యా. కాఫీ ఇచ్చి ఆ కప్పు తీసుకుపోయేలోగా దమ్‌దమ్ ఎయిర్‌పోర్టు వచ్చేస్తుంది.”

గవరయ్య ఇంటికొచ్చి నీళ్ళబిందె ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూచున్నాడు. ఈడెన్ గార్డెన్స్‌లో టెస్టు మ్యాచి వస్తోంది. భోజనాల వేళ కూచున్నవాడు టీ విరామం దాకా కదల్లేదు. ఆ తరువాత పెరట్లోకి పరిగెత్తాడనుకోండి, అది వేరే సంగతి. గంటా ఇరవై కంటే చాలా ఎక్కువే ఆగాడు. వెనక్కి వచ్చి చాలాకాలం తర్వాత మీసం దువ్వుకున్నాడు.

“ఒలే, ఈయేడు అమ్మోరు ఇమానంలో వస్తాది” అన్నాడు.

సన్యాసమ్మ చేపలు తోముతోంది. తల ఎత్తలేదు. “ఇమానం గుడికాడికొచ్చి ఎక్కించుకుంటదేటి?”

“ఇశాపట్నం ఎల్లాల.”

“కలకత్తా ఇటుంటే అటెల్తావా? ముందుకు రాడానికి యెనక్కెల్లీ మనిసిని నిన్నే చూస్తన్నాను మావా.”

“గంటా ఇరవై నిమిసాలే” అని రెట్టించాడు గవరయ్య.

“అది ఇమానానికి. నీకెంతా?”

రైలు మనుషులకి ప్రయాణమంటే స్టేషన్ నుంచి స్టేషన్. ఎక్కాక దిగేదాకా. ఆ లెక్కే విమానానికీ వేసుకున్నాడు గవరయ్య. పెళ్ళాం ప్రశ్నలో ఉన్న గొయ్యి అతనికి కనపడలేదు. ఆడది కదా, విమానం ఎలా ఎగురుతుందో ఏం తెలుసనుకున్నాడు. ఎలా ఎగురుతుందో అతనికీ తెలీదు.

సంబరం కమిటీలో మాట పెట్టగానే గోవిందరాజు లేచాడు.

“తాతల్నాటి నుంచీ అమ్మోరు రైల్లో వస్తంది. ఇప్పుడీ బాబుగిరీ ఎందుకంట?”

గవరయ్య దానికి సిద్ధంగానే ఉన్నాడు. “తమ్ముడూ, ఘటానికి నేల తగలకూడదు. అవునా? రైలు చక్రాలెక్కడున్నాయి? పట్టాల మీద. పట్టాలెక్కడున్నాయి? నేల మీద. అంటే ఇన్నేళ్ళూ మనం అమ్మోర్ని నేలమీదే ఈడ్సుకొస్తన్నాం. ఇమానం ఒక్కటే నేల ఒగ్గేసీది.”

అందరూ గురువులు అనే బస్తీ పూజారి వైపు చూశారు. గురువులు చుట్ట ఆర్పి, ఆలోచించి, “శాస్త్రానికి అడ్డు లేదు” అన్నాడు. ఆ శాస్త్రం ఏదో అతన్ని ఎవరూ అడగలేదు.

గోవిందరాజు కూచున్నాడు. కూచుంటూ, “సరే అన్నియ్యా. దమ్‌దమ్ కాడికి మన యూనియన్ లారీ నానే ఏసుకొస్తాను. డప్పులూ గట్రా పెట్టుకుని దర్జాగా తెద్దుం” అన్నాడు. ఆ దర్జా అన్న మాట గవరయ్య కడుపు కిందెక్కడో తగిలింది.

చైత్రం వచ్చింది. గెడ్డవలస గుడి వెనకాల గోడవారగా చివరిసారి వెళ్ళొచ్చి, స్నానం చేసి, తడిపంచెతో గవరయ్య ఘటం ఎత్తుకున్నాడు. జీపు విశాఖపట్నం బయలుదేరింది. రణస్థలం దాటే లోపే అతనికి మొదటి అనుమానం వచ్చింది. తను గంటా ఇరవై అనుకుంటున్నది ఇంకా మొదలే కాలేదు. రోడ్డు బాగుచేస్తున్నారు. కంకర కుప్పల పక్కనుంచి జీపు ఎగిరెగిరి పడుతోంది. ప్రతి ఎగురుకీ పక్కనున్న సన్యాసమ్మ అతని మొహం చూస్తోంది.

“ఇమానం ఎక్కీసినావా మావా?” అంది ఒకచోట.

గవరయ్య ఘటాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. మాట్లాడితే పట్టు సడలుతుంది.

విమానాశ్రయంలో సోమయాజులుగారు కలిశాడు. సెలవు మీద తల్లిని చూసి అదే విమానంలో వెనక్కి వస్తున్నాడు. పెద్దమనిషి తోడుంటే పనులవుతాయని గవరయ్య ధైర్యం. తనిఖీ దగ్గర ఆ పెద్దమనిషి చేతిసంచీ చకచకా పరీక్ష యంత్రంలోకి పోయి బయటకొచ్చింది. ఘటం దగ్గర జవాను ఆపాడు. ఆ బెల్టు మీద పెట్టమన్నాడు.

“చెయ్యి వదలకూడదు బాబూ” అన్నాడు గవరయ్య.

సోమయాజులుగారు ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఇంగ్లీషు వినగానే జవానుకి అనుమానం పెరిగింది. ఇదేదో పెద్ద వ్యవహారంలా ఉందని ఇంకో ఇద్దర్ని పిలిచాడు. సన్యాసమ్మ ముందుకొచ్చి, అతని గుండెల మీద పేరు చదివించుకుని, ఒరియాలో పలకరించింది. గంజాం జిల్లావాడు. వాళ్ళూళ్ళోనూ ఠాకురాణీ అని అమ్మవారుంది, ఆవిడకీ ఘటం ఉంది. అంతా విన్నాక దణ్ణం పెట్టుకున్నాడు. యంత్రం అక్కర్లేదు, కానీ లోపల ఉన్నవి నీళ్ళేనని తెలియాలి కదా అన్నాడు. అందుకొక పద్ధతుంది. ఎవరి నీళ్ళు వాళ్ళు తాగి చూపించాలి.

“తాగీ మావా, తీర్థమే గదా” అంది సన్యాసమ్మ.

గవరయ్య ఆవిడ వంక చూసిన చూపు అమ్మవారు గుళ్ళోంచి కూడా చూడలేదు. నిన్న మధ్యాహ్నం నుంచి నోరెండబెట్టుకుని కూచున్నాడు. జవాను భక్తితో తనే దోసిలితో తీసి నోట్లో పోశాడు, ఒకటి కాదు, మూడు. తీర్థం మూడుసార్లు పుచ్చుకోవాలని అతనికి ఎవరో మంచి సంప్రదాయం నేర్పారు.

విమానం ఆలస్యంగానే బయలుదేరింది. తలుపు మూశాక బెంగాలీ అమ్మాయి ఒకతె వచ్చి, ఘటం కాళ్ళ దగ్గర, ముందు సీటు కిందకి తొయ్యమంది. సోమయాజులుగారు మళ్ళీ ఇంగ్లీషు ఎత్తుకోబోయాడు. సన్యాసమ్మ ఆయన మోచెయ్యి నొక్కి బంగ్లాలో అందుకుంది.

“దిదిమొణి, ఎర్ భెతొరే మా ఆఛేన్. మాకే పాయేర్ నీచే రాఖ్‌బో?”

ఇందులో అమ్మ ఉంది తల్లీ, అమ్మని కాళ్ళ కింద పెట్టమంటావా అని. బెంగాల్లో ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగినవాళ్ళు లేరు, పాతికేళ్ళకి పైగా ఏలుతున్న ఎర్రజెండా ప్రభుత్వంతో సహా. ఆ అమ్మాయి నాలిక కరుచుకుని, చెయ్యి నుదుటికి తాకించుకుని, ఇంకో బెల్టు తెచ్చి ఘటానికీ గవరయ్యకీ కలిపి కట్టింది. కట్టడం మంచిదే. కానీ బిగించింది. ఆ బిగింపు సరిగ్గా ఎక్కడ పడకూడదో అక్కడ పడింది.

ఆకాశంలో గవరయ్య సముద్రం చూడలేదు, మబ్బులు చూడలేదు. ముందు సీటు వెనక తగిలించిన గుడ్డముక్క మీద కుట్లు లెక్కపెట్టాడు. నీళ్ళు కనపడితే ప్రమాదం. సోమయాజులుగారు కాఫీ తాగుతూ, “చూశావా, చెప్పానా, ఇంకో పావుగంటలో దిగుతాం” అన్నాడు. ఆ మాట అంటుండగానే విమానం ఒక పక్కకి ఒరిగింది. పైలట్ ఏదో చెప్పాడు.

“ఏటంతన్నాడు బాబూ?”

“కాలబైశాఖి పట్టుకుందట. ఊరి మీద గాలివాన. తగ్గేదాకా పైన చుట్లు తిరుగుతాం.”

“కింద దిగిపోనాక తిరగొచ్చు గదండీ” అన్నాడు గవరయ్య దీనంగా.

గంటా ఇరవై నిమిషాలంటే కలకత్తా మీదకి రావడానికి. కలకత్తాలోకి రావడానికి వేరే లెక్క. కిటికీ అవతల మెరుపులు, కింద నల్లటి మబ్బు. విమానం దేవుడి గుడికి ప్రదక్షిణం చేస్తున్నట్టు తిరుగుతూనే ఉంది. గవరయ్య నోట్లో అమ్మవారి పేరు ఆగకుండా ఆడుతోంది. చుట్టుపక్కల వాళ్ళు విమానం పడిపోతుందని భయపడి ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకున్నారు. అతనొక్కడికీ విమానం గురించి బెంగలేదు. పడితే హాయి, ఎవడికీ తెలీదు.

ఎట్టకేలకి చక్రాలు నేల తాకాయి. బయట వాన వెలిసి, సాయంత్రపు చల్లగాలి కొడుతోంది. ఎర్రజెండా కట్టిన లారీ, పక్కన డప్పులు, గురువులూ బస్తీ ఆడవాళ్ళూ, లారీ మీద తలపాగాతో గోవిందరాజు. సోమయాజులుగారు కారెక్కి చక్కా పోయాడు. పోతూ, “బాగా జరిగింది కదా గవరయ్యా” అన్నాడు. గవరయ్య తలూపాడు. నడుమూపే ధైర్యం లేదు.

ఇక్కణ్ణుంచి మెటియాబ్రుజ్ ఊరికి ఈ చివర నుంచి ఆ చివర. అయినా గోవిందరాజు నెమ్మదిగా తోలిద్దామనే అనుకున్నాడు. అతను అనుకోవాల్సిన పని కూడా లేకపోయింది. మౌలాలీ దాటేసరికి మిఛిల్ ఎదురొచ్చింది. పెట్రోలు ధరల మీద ఢిల్లీవాళ్ళని తిడుతూ ఎర్రజెండాల ఊరేగింపు. రాష్ట్రాన్ని ఏలేదీ వాళ్ళే, రోడ్డు ఆపేదీ వాళ్ళే. లారీ మీద ఎర్రజెండా చూసి ఒక వాలంటీరు, ఇది మనదే అనుకుని, చెయ్యూపి తీసుకెళ్ళి వరసలో పెట్టాడు. ముందు తోళ్ళ కార్ఖానా పనివాళ్ళు, వెనక ట్రాము కార్మికులు, మధ్యలో అమ్మవారు. “చోల్బే నా, చోల్బే నా” అని ముందువాళ్ళు అరుస్తున్నారు. సాగదు, సాగనివ్వం అని. నిజంగానే సాగడం లేదు.

గోవిందరాజు లారీ మీద గవరయ్య ఎదురుగా గొంతుక్కూచుని, చేప కోసం కొంగ చూసినట్టు చూస్తున్నాడు.

“అన్నియ్యా, మొకమంతా సెమటలట్టీసినాయి. ఇలాగియ్యి ఘటం. ఓపాలి దిగి అలా గోడవారకెల్లొచ్చీ. మనవాళ్ళే గదా, ఎవులేటనుకుంతారు?”

“నాకేటీ నేదు.”

“నేకపోతే మంచిదే. కాలు ఎందుకలా ఆడిస్తన్నావు?”

“డప్పుకి.”

“డప్పులు ఆగిపోయి ఓ గడియ అయినాది అన్నియ్యా.”

గవరయ్య కళ్ళు మూసుకున్నాడు. వాన నీళ్ళు పక్క కాలవలో గలగలా పారుతున్నాయి. ఆ చప్పుడు వినకూడదనుకున్నాడు. వినకూడదనుకోవడం వినడమే. లోపలెక్కడో ఇరవై రెండేళ్ళుగా బిగించి ఉన్న మూత మెల్లిగా, పాముపిల్ల కదిలినట్టు కదిలింది. కళ్ళు తెరిచి పెళ్ళాం వంక చూశాడు. నలభై ఏళ్ళ కాపురంలో అతను ఆవిణ్ణి సాయం అడగడం అదే మొదలు, అదీ మాట లేకుండా.

సన్యాసమ్మకి అర్థమైంది. ఎంత దాకా వచ్చిందో కూడా అర్థమైంది.

ఆవిడ జుట్టుముడి ఊడిపోయింది. ఎవరు లాగారో ఎవరూ చూడలేదు. తల గిర్రున తిప్పింది. గొంతులోంచి ఒక కేక వచ్చిందంటే ట్రాము కార్మికుల నినాదం సగంలో ఆగిపోయింది. “అమ్మ పూనీసింది” అని ఎవడో అన్నాడు. డప్పులు ఒక్కసారి దద్దరిల్లాయి. సన్యాసమ్మ ఊగుతూ ఊగుతూ వెళ్ళి మొగుడి మీద పడింది. రెండు చేతులా ఘటం అంచు పట్టుకుని ఒంచేసింది. సగం ఘటం, పసుపు నీళ్ళు, వేపాకులతో సహా, గవరయ్య ఒళ్ళో దభాలున పడింది. నడుం నుంచి మడమల దాకా తడిసిపోయాడు.

ఆ నీళ్ళలో మిగతా నీళ్ళేవో కలిశాయి. పంచె పసుపు, నీళ్ళు పసుపు, లోకమంతా పసుపు. ఏ నీళ్ళు ఏవో చెప్పగల మొనగాడు లేడు.

“తొణికినాను” అంది సన్యాసమ్మ అమ్మవారి గొంతుతో. “నాను తొణికినాను. ఈయేడు వానలు దండిగా కురుస్తాయి. రేవుకి ఓడలొస్తాయి.”

ఆడవాళ్ళు లారీలోనే మోకరిల్లారు. దారి పక్క బెంగాలీ ఇల్లాళ్ళు మేడల మీద నుంచి నాలుకలాడిస్తూ ఉలూధ్వని చేశారు. మిఛిల్‌లో ముందున్న కామ్రేడ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎవరూ చూడ్డం లేదనుకున్నాక చెయ్యి నుదుటికి తాకించుకున్నారు. గవరయ్య మొహం మీద ఒక శాంతి దిగింది. అటువంటి శాంతి కోసం మునులు అడవులకి పోతారు.

గోవిందరాజుకి అనుమానం ఉంది. కానీ పూనకం ముందు అనుమానం పెట్టినవాడి ఇంట ఏమవుతుందో బస్తీలో అందరికీ తెలుసు. అందరూ తనవైపే చూస్తున్నారు. వంగి, అన్న పంచె అంచు నుంచి కారుతున్న నీళ్ళు దోసిలిపట్టి, కళ్ళకద్దుకుని, నెత్తిన చల్లుకున్నాడు. ఇంకాస్త పట్టి మీసాలకి కూడా రాసుకున్నాడు.

“బాగా రాసుకో తమ్ముడూ” అన్నాడు గవరయ్య. ఆ మాట మాత్రం మనస్ఫూర్తిగా అన్నాడు.

అంతటితో దిగిపోతే అది ఉత్త సన్యాసమ్మ అయ్యేది. ఆవిడ దిగలేదు. తల ఇంకో రెండు చుట్లు తిప్పి, వేలు మొగుడి వైపు చూపించింది.

“ఈ ముసిలోడి ఒడి నాకు గట్టిగా నేదు. గుచ్చుకుంతంది. వచ్చీ ఏటి నుంచి నాను ఆడదాని ఒడిలో వస్తాను. ఈ ఇంటి ఆడదాని ఒడిలోనే వస్తాను. ఇన్నారా?”

“ఇన్నాం తల్లీ” అంది లారీ అంతా. గురువులు వేపమండ పుచ్చుకుని ముందుకొచ్చి, శాస్త్రానికి అడ్డు లేదన్నాడు.

గవరయ్య లెక్క చూసుకున్నాడు. హక్కు ఇంట్లోనే ఉంది. తన దగ్గర లేదు, అంతే. అప్పటికప్పుడు ఏడవాలో నవ్వాలో తేలక, పంచె పిండుకున్నాడు.

ఘటం మెటియాబ్రుజ్‌లో దిగింది. సంబరం జరిగింది. మర్నాడు మధ్యాహ్నం సన్యాసమ్మ చేపలు తోముతుంటే గవరయ్య వచ్చి ఎదురుగా పీట మీద కూచున్నాడు.

“నిజంగా పూనిందేటే నీకు?”

“నీకు నిజంగా తొణికిందేటి?” అంది ఆవిడ.

గవరయ్యే మళ్ళీ ఎత్తుకున్నాడు. “వచ్చేయేటికి సోమయాజులు బాబుకి ముందే సెప్పీమంతావా? ఇమానం టిక్కెట్లూ…”

“ఇమానమెందుకు, రైల్లో ఎల్తాను. గంటా ఇరవై నిమిసాలట, పెద్ద చెప్పొచ్చేడు.”

“రాత్రంతా ఎలాగే? నీకూ వయసయిపోనాది. ఆగుద్దా?”

సన్యాసమ్మ చేప పక్కన పెట్టి, మొదటిసారి అతని మొహంలోకి తిన్నగా చూసింది.

“ఈ బస్తీకి నన్ను పెళ్ళి చేసి తెచ్చినప్పుడు దొడ్డి ఉందేటి? పొద్దున చీకటితో ఎల్తే మళ్ళీ చీకటి పడ్డాకే. పగలంతా పోర్టు గోడవార మీ మగోళ్ళు నిలబడీవోరు. మేం ఆపుకునీవోళ్ళం. పదిహేనేళ్ళు, రోజూ. ఏడాదికోపాలి ఆపుకున్నందుకు నీకు తలపాగా చుట్టినారు మావా.”

గవరయ్య ఏదో చెప్పబోయాడు. ఈలోగా అవసరం పడి, లేచి పెరట్లోకి వెళ్ళాడు.